ఈ ఏడు వంతు కాంతమ్మది

ఆయుధాల లైసెన్సుల సెక్షన్‌లో ఫ్యాను కింద కూర్చున్న అయ్యలారా, తప్పు మీది. ఒక ముసలమ్మ చేతికి తుపాకిలో సగం ఇచ్చారు. రెండో సగం పట్టుకోబోయిన చేతిని ఆపేశారు. ఆపేసి, ఈమెకి తుపాకి పట్టుకోవడం రాదని కాగితం మీద రాసుకున్నారు. మీరు రాసింది హిందీలో ఒక్క లైను. దానికి నేను తెలుగులో ఇంత పొడుగు జవాబు రాయాల్సి వస్తోంది. తెలుగు రాకపోతే మీ గేటు ముందు టీ అమ్మేవాడు శ్రీకాకుళంవాడే, పిలిచి చదివించుకోండి.

తప్పు మీ ఒక్కరిదే అనను. చర్చి పెద్దలు ఆమెని పక్కకి పిలిచి, విధవరాలికి తుపాకి ఎందుకమ్మా, ప్రార్థన చేసుకో అన్నారు. మా కాంట్రాక్టు కార్మికుల సంఘంలో నేను ఈ సంగతి ఎత్తితే, కూలిరేట్ల గొడవ వదిలేసి ముసలమ్మ తుపాకి వెంట పడతావేమిటి గోపాలం అన్నారు. పడతాను. ఎందుకు పడ్డానో చెబుతాను. నాకు కథ అందంగా చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పడం వచ్చు.

కాంతమ్మ నాకు పిన్ని వరస. రక్తసంబంధం లేదు, భిలాయి మరోదా పేటలో మా ఇంటి గోడా వాళ్ల ఇంటి గోడా ఒకటే, అంతే. భిలాయిలో మన తెలుగువాళ్ల చుట్టరికాలు సగం గోడల వల్ల కలిసినవే. ఆమె భర్త కొర్నేలి ఉక్కు ప్లాంటు రైల్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒక్కతే కూతురు, షీబా. వైశాలి నగర్‌లో కాపురం, అక్కడే ఒక బడిలో టీచరు.

వాళ్లింట్లో ఒక రైఫిల్ ఉండేది. లైసెన్సు ఉన్నదే. పిడి దగ్గర ఇనప కొక్కెంలాంటి లీవర్ ఉంటుంది. వేళ్లు దూర్చి కిందికి లాగి పైకి మూస్తే తూటా లోపలికి ఎక్కుతుంది. దాని విశేషం అది కాదు. అది రెండుగా విడిపోతుంది. పిడీ లీవరూ ఉన్న సగం ఒకటి, గొట్టం ఉన్న సగం ఒకటి. పూర్వం వేటకి తిరిగే దొరలు పరుపుచుట్టలో పెట్టుకుని రైల్లో తీసుకుపోవడానికి అలాంటివి చేయించుకున్నారట.

పార్వతీపురం దాటాక కొండల కింద ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. కాంతమ్మ తండ్రి రాబర్ట్ అక్కడ కాంపౌండరు. డాక్టరు దొర సముద్రం దాటి తన దేశం వెళ్లిపోతూ తుపాకి రాబర్ట్‌కి వదిలి వెళ్లాడు. రాబర్ట్‌కి కొడుకులు లేరు. వేరుశెనగ చేల మీద అడవిపందులు పడుతుంటే పక్కన నిలబడి దీపం పట్టడానికి కూతుర్ని తీసుకెళ్లేవాడు. కొన్నాళ్లకి దీపం ఆయన పట్టుకునేవాడు, ఆయన బిగించి ఇచ్చిన తుపాకి కూతురు పట్టుకునేది. ఆమె గురి అంత బాగుండేది.

పెళ్లప్పుడు ఆయన తుపాకి కూతురికిచ్చాడు. లైసెన్సు ఆమె పేరున రాయమంటే అప్పటి ఆఫీసరూ నవ్వాడట. చివరికి అల్లుడి పేరున రాశారు. అల్లుడంటే పరాయివాడు కాదు, కొర్నేలి ఆమెకి మేనత్త కొడుకే. అయినా చూడండి, తుపాకి ఆమెది, గురి ఆమెది, కాగితం అతనిది. అప్పటికి కొర్నేలి జీవితంలో ఒక్క తూటా పేల్చి ఎరగడు. భిలాయి వచ్చాక మొగుడికి పెళ్లామే నేర్పింది.

కొర్నేలి మంచివాడు. ఫిట్టరు చెయ్యి కదా, మొదటి రోజే తుపాకిని తనే విప్పి, తనే బిగించేశాడట. కాంతమ్మ మూతి ముడుచుకుంది.

"మా బాబు తుపాకి. నాను ముట్టుకోకూడదా ఏటి?"

కొర్నేలి ఆలోచించి మళ్లీ విప్పాడు. పిడి సగం తన ఒళ్లో పెట్టుకున్నాడు. గొట్టం సగం ఆమె చేతికిచ్చాడు.

"ఇదిగో సూడు కాంతం. నంబరు ఈ సగం మీద కొట్టున్నాది. లైసెన్సులో రాసింది ఈ నంబరే. అంచేత నంబరున్న సగం నాది. మోగే సగం నీది."

ఆ పంపకం అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఆయన పిడి సగం కదలకుండా పట్టుకుని లీవర్ కిందికి దించి ఉంచుతాడు. ఆమె గొట్టాన్ని పక్కవాటుగా పెట్టి లోపలికి నొక్కుతుంది. "పట్టుకున్నావా బావా?" అంటుంది. "పట్టుకున్నాను, తిప్పు," అంటాడు. ఆమె పావు చుట్టు తిప్పుతుంది. టక్కుమంటుంది. గొట్టం కింద తూటాలుండే సన్న గొట్టాన్ని లోపలికి తోసి బిగిస్తే తుపాకి తయారు. ఒక్కడే బిగించుకోగల వస్తువే అది. ఈ మొగుడూ పెళ్లాం మాత్రం ఆ పంపకం తర్వాత దాన్ని ఎన్నడూ ఒంటిచేత్తో బిగించలేదు. విడిగా ఉన్నంతసేపూ ఆయన సగం ఆమె ముట్టదు, ఆమె సగం ఆయన ముట్టడు. తుడుచుకోవడం కూడా ఎవరి సగం వాళ్లే. పిల్లల ఆటలా ఉందని నేను ఎగతాళి చేసేవాణ్ని. నా మాట వాళ్లు పట్టించుకుంటేనా.

వేటని ప్రభుత్వం ఆపేశాక వాళ్లు జంతువు మీదికి తుపాకి ఎత్తలేదు. తూటాలు కూడా దొరకడం మానేశాయి. ఆ రకం తూటా మన దేశంలో తయారవదట. డబ్బాలో మిగిలినవి గుప్పిట్లో పట్టేటన్ని. అందుకని ఏడాదికి ఒక్కటే పేల్చాలని నియమం పెట్టుకున్నారు. ఒక ఏడు ఆయన వంతు, ఒక ఏడు ఆమె వంతు.

విశ్వకర్మ పూజనాడు ప్లాంటులో మిషన్లకి బొట్లు పెట్టి, దండలు వేసి, ప్రసాదాలు పంచి పెందలాడే వదిలేస్తారు. క్రైస్తవుడు కాబట్టి కొర్నేలి బొట్టు పెట్టడు, లడ్డూ మాత్రం తింటాడు. ఇంటికొచ్చి స్కూటర్ తీస్తాడు. పిడి సగం కాన్వాసు సంచిలో పెట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటాడు. వెనక కాంతమ్మ గొట్టం సగాన్ని పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంటుంది. కర్టెన్ రాడ్డు కొనుక్కెళ్తున్నారు అనుకునేవాళ్లు చూసినవాళ్లు. దారిలో ఠాణా దగ్గర ఆగి చెప్పి, ఉతై ఊరి వైపు త్రినాథరావు ఇటుకల భట్టీకి వెళ్లేవాళ్లు. అక్కడ మట్టి తవ్విన పెద్ద గొయ్యి ఉంది. గొయ్యి అవతలి గోడకి ఒక ముక్క ఇటుక ఆనించి పెడతారు. ఇవతలి నుంచి కొడతారు.

త్రినాథరావు పెద్ద నవ్వులమనిషి. "పిన్నీ, ఇరిగిన ఇటుకలు బండెడు ఇత్తాను, ఇంటికి పట్టుకుపోయి సుత్తితో కొట్టుకోకూడదా? ఈ స్కూటరు పెట్రోలు దండగ," అనేవాడు. కొర్నేలి, "సుత్తికి వంతులేటుంటాయిరా," అనేవాడు.

నేనూ ఒకసారి వెంట వెళ్లాను. ఆ ఏడు ఆమె వంతు. చీర కొంగు నడుముకి చుట్టి బిగించింది. లీవర్ దించి మూసింది. ఆ చప్పుడు మెత్తగా, నూనె తాగిన తలుపు గడియలా ఉంది. పిడిని భుజం గుంటలో ఒదిగించుకుని, దాని మీద చెంప ఆనించింది. మా గోడ అవతల పప్పు రుబ్బుకునే మనిషేనా అనుకున్నాను. ఊపిరి సగం వదిలి ఆపింది. పేలింది. గొయ్యి అవతల ఇటుక లేదు. ఎర్ర దుమ్ము ఒక్కటే గాల్లో నిలబడి ఉంది. తుపాకి భుజానికి తన్నిన చోట కొర్నేలి అరచేత్తో రుద్దుతున్నాడు, మేం చూస్తున్నామన్న సిగ్గు కూడా లేకుండా.

"నొప్పేసిందేటే?"

"ఏసింది. రుద్దు."

పోయినేడు ఆయన వంతు. అప్పటికే ఊపిరితిత్తులు పాడైపోయాయి. స్కూటర్ నడపలేక ఆటోలో వెళ్లారు. తుపాకి ఎత్తితే గొట్టం కొస వణుకుతోంది. కాంతమ్మ వెనక నిలబడి ఆయన మోచేయి కింద తన చెయ్యి పెట్టింది. గొట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు, ఆయన వంతు కాబట్టి. పేల్చాడు. ఇటుక అలాగే ఉంది. పక్కన మట్టి రాలింది.

ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు, "వచ్చే ఏడు నీ వంతు. తప్పకుండా కొట్టాల నువ్వు. నాది తప్పిపోనాది గదా."

"కొడతాను బావా."

ఇంతే వాళ్ల మధ్య మాట. ఇక ఆమె ఆ తుపాకి ఎందుకడుగుతోందో మీకు అర్థం కాకపోతే, ఇక్కడితో చదవడం ఆపేయండి.

తర్వాత ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంలో మొదటి అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చెయ్యాలన్నారు. కొర్నేలి లేవలేని స్థితి. ఆమే రెండు సగాలూ రెండు మూటలు కట్టుకుని ఆటోలో తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది. ఓట్లు లెక్కపెట్టకముందే కొర్నేలి పోయాడు. ఎన్నికలు అయ్యాక ఎవరి తుపాకులు వాళ్లకిచ్చారు. పెళ్లి ఊరేగింపుల్లో ఆకాశంలోకి పేల్చుకునే ఒక కాంట్రాక్టరు తన డబుల్ బ్యారెల్ మర్నాడే తీసుకుపోయాడు. కాంతమ్మ వెళ్తే, తుపాకి మాలిక్ చనిపోయాడు కదమ్మా, లైసెన్సు కూడా ఆయనతోనే పోయింది అన్నారు. నీ పేరున కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. పెట్టింది. ఇంతలో పార్లమెంటు ఎన్నికలు, మళ్లీ అన్నీ ఆగిపోయాయి.

ఆ ఆగిపోయిన నెలల్లో ఆమె చేసిన పని నేను చెప్పాలి. కుట్టుమిషన్ నూనె సీసా ఒకటి, పాత లుంగీ గుడ్డ ఒకటి చేతిసంచిలో వేసుకుని వారం వారం ఠాణాకి వెళ్లేది. అక్కడ సామాన్ల గది చూసుకునే ముంశీ ఛత్తీస్‌గఢీ మనిషి. పేరు రాయను, రాస్తే మీరు అతన్ని దంతెవాడ అడవులకి పంపిస్తారు. మొదటిసారి విసుక్కున్నాడు. తర్వాత తర్వాత దూరం నుంచి చూసి, "ఆవవ్ దాయీ, బైఠవ్," అని బల్ల చూపించేవాడు, రా తల్లీ కూర్చో అని.

"తేల్ లగానా హై బేటా. పానీ కా మౌసమ్ ఆతా హై," అనేది ఆమె, వానలొస్తున్నాయి, నూనె రాయాలి బాబూ అని.

అతను రెండు మూటలూ తెచ్చి ముందు పెట్టేవాడు. ఆమె గొట్టం సగం విప్పి ఒళ్లో పెట్టుకుని తుడిచేది. పిడి సగం మాత్రం అతని ముందుకి జరిపి, నూనె గుడ్డ అతనికిచ్చేది. అదేమిటి దాయీ, ఇది నేనెందుకు తుడవాలి అని అతను అడిగితే, అది నాది కాదు బేటా అనేదట. ఆ ముంశీ ఏమీ అర్థం కాకుండానే కొర్నేలి సగం తుడుస్తూ కూర్చునేవాడు. పోలీసువాడి గురించి నేను మంచి మాట రాయడం ఇదే మొదలు.

షీబాకి ఇదంతా ఇష్టం లేదు. వచ్చినప్పుడల్లా గొడవ.

"మమ్మీ, జానే దో నా, వదిలెయ్. డాడీ పోయారు. ఇంకా ఆ లోహా ముక్క కోసం ఠాణా చుట్టూ తిరగడం ఏంటి? స్కూల్లో పేరెంట్స్ అడుగుతున్నారు, దీదీ, మీ అమ్మగారు రోజూ ఠాణాలో ఎందుకుంటారూ అని."

"రోజూ కాదు, వారానికోపాలి."

"అదే చెప్పనా వాళ్లకి?"

"సెప్పు. తప్పేటుంది?"

ఈ వానాకాలం మొదట్లో మీ పిలుపు వచ్చింది. ఆమెతో నేనూ వచ్చాను. ముంశీ రెండు మూటలూ పట్టుకుని ఠాణా జీపులో వచ్చాడు. మీ సారు కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా. చెడ్డవాడు కాదనే అనిపించింది. ఈ వయసులో తుపాకి ఏం చేసుకుంటారని మర్యాదగానే అడిగాడు.

"మాతాజీ, ఇస్ ఉమర్ మే బందూక్ క్యా కరేంగీ?"

కాంతమ్మ నా వైపు చూసింది. తర్వాత తనే, ఈ ఏడు నా వంతు అని తన హిందీలో చెప్పింది. "ఇస్ సాల్ మేరా బారీ హై."

"కిస్ చీజ్ కీ బారీ?"

"మార్నే కా."

హిందీలో ఆ మాటకి కొట్టడమనీ అర్థమే, చంపడమనీ అర్థమే. సారు పెన్ను ఆగిపోయింది. "కిస్కో మార్నే కా?"

"ఈంట్ కో."

గుమాస్తాలు నవ్వారు. ఇటుకని కొట్టడానికి వంతు అంటే ఎవరికైనా నవ్వొస్తుంది, అందుకు నేను తప్పు పట్టను. నేను వివరించబోయాను. మీరెవరు, లాయరా అన్నారు. పక్కింటివాణ్ని అన్నాను. అయితే ఊరుకోండి అన్నారు.

అప్పుడు సారు ముంశీ చేత మూటలు విప్పించి బల్ల మీద పెట్టించాడు. "ఠీక్ హై మాతాజీ. జోడ్ కే దిఖాయియే." బిగించి చూపించమ్మా అని.

ఆమె లేచింది. కొంగు నడుముకి చుట్టింది. గొట్టం సగం తీసుకుంది. తీసుకోగానే ఆమె చేతులు మారిపోయాయి, ఇటుకల భట్టీ దగ్గర చూసిన చేతులు. కొసని గుడ్డతో తుడిచింది. పక్కవాటుగా తిప్పి, ముందుకి చాపింది. చాపి ఆగింది. అవతల ఎవరూ లేరు. బల్ల, బల్ల వెనక సారు.

"పట్టుకున్నావా బావా?"

అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి. అన్నాక ఆమెకే తెలిసింది. మొహం ఎత్తలేదు. గొట్టం అలాగే చేతుల్లో చాచి ఉంది. అప్పుడెవరూ నవ్వలేదు, అది కూడా రాస్తున్నాను. తెలుగు మీకు రాదు, కానీ ఏదో అర్థమై ఉంటుంది.

నేను ముందుకెళ్లి పిడి సగం పట్టుకోబోయాను. "హాథ్ మత్ లగాయియే. లైసెన్సు లేనివాళ్లు ముట్టుకోకూడదు," అన్నారు. ముంశీ ఒక అడుగు వేశాడు. నువ్వు కాదు, ఆవిడే చెయ్యాలి అన్నారు. ఆమె పిడి సగాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకోబోయింది. పక్కవాళ్ల ఇంట్లో గిన్నె ముట్టుకున్నట్టు ముట్టుకుంది దాన్ని. జారింది. గొట్టం కొస మీ బల్ల మీది గాజుకి తగిలి గీత పడింది. సారు గీత వైపు చూశాడు. రాసుకున్నాడు. ఆయుధం పట్టుకోవడం రాదు, అవసరమూ కనబడదు. డీలరుకి అమ్మేయండి, లేదంటే ప్రభుత్వానికి అప్పగించండి, ఏదీ చేయకపోతే వర్షాలు వెళ్లాక నాశనం చేయడానికి పంపిస్తాం అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు మినీబస్సులో ఆమె ఏడవలేదు. నేనే మిమ్మల్ని తిడుతూ కూర్చున్నాను. చాలాసేపటికి నా మోచేయి పట్టుకుంది.

"ఊరుకోరా గోపాలం. ఆలని తిట్టి ఏటి లాభం. నాకు నిజంగానే రాదు."

"సగం వచ్చు కదా పిన్నీ."

"నా సగం నాకొచ్చు. బావ ఎలా పట్టుకునీవోడో నాను ఎప్పుడూ సూడనేదురా. నా కళ్లు నా సగం మీదే ఉండీవి. పట్టుకున్నాడని తెలుసు, అంతే. ఇప్పుడు ఆయన సెయ్యి ఎక్కడుండీదో గుర్తు తెచ్చుకుందామంటే..." కిటికీ బయటికి చూసింది. "రావట్లేదు. అన్నేళ్లు నా ఎదురుగుండా ఉన్న సేతులు."

నాకు తిట్లు ఆగిపోయాయి.

ఆ ఆదివారం షీబా వచ్చింది. జరిగింది నేనే చెప్పాను. గదిలో జరిగినదంతా చెప్పాను, ఆ పిలుపుతో సహా. ఆ పిల్ల వంటగదిలోకి వెళ్లి, తల్లి కోసం తెచ్చిన కూర గిన్నె గట్టు మీద పెట్టి, అక్కడే నిలబడిపోయింది. తర్వాత బయటికొచ్చి, "గోపాలం భయ్యా, ఈసారి ఠాణాకి మమ్మీ ఎప్పుడు వెళ్తుంది?" అంది.

శుక్రవారం బడి నుంచి సరాసరి వచ్చింది, వేళ్లకి సుద్దముక్క పొడి అలాగే ఉంది. వాన పడుతోంది. ఠాణా వరండాలో ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. ముంశీ మూటలు తెచ్చాడు. కాంతమ్మ అలవాటుగా పిడి సగం అతని వైపు జరపబోయింది.

షీబా మధ్యలో చెయ్యి పెట్టి ఆపింది. "ముంశీజీ, నేను తుడుస్తాను. ఫిర్ జోడ్ కే దేఖ్‌నా హై, ఏక్ బార్. బిగించి చూస్తేనే కదా లోపల తుప్పు పట్టిందో లేదో తెలిసేది."

ముంశీ రోడ్డు వైపు చూశాడు, లోపలికి చూశాడు. లీవర్ దించి తూటా లేదని తనే చూసుకున్నాడు. "మోర్ సామ్నే," అన్నాడు. నా ఎదురుగానే అయితే సరే అని. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

షీబా పిడి సగం చేతిలోకి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. బల్ల దిగి, తల్లికి ఎదురుగా వరండా నేల మీద కూర్చుంది. పిడి వెనక భాగాన్ని చంకలో ఇరికించుకుంది. ఎడం అరచెయ్యి ఇనుము కిందికి పోనిచ్చింది. కుడిచేతి చిటికెన వేలితో లీవర్‌ని కిందికి దించి పట్టుకుంది. తల కొంచెం పక్కకి వంచింది. కొర్నేలి అలాగే వంచేవాడు, నాకప్పుడు గుర్తొచ్చింది.

కాంతమ్మ చూస్తోంది. చేతిలో గొట్టం మర్చిపోయింది.

"నీకెలా తెలుసే?"

"మీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే మధ్యలో కూర్చునేది ఎవరు మమ్మీ? నేనే కదా. చిన్నప్పుడు నీ వైపు చూస్తే నువ్వు కోప్పడేదానివి, గొట్టం తగుల్తుంది దూరంగా జరుగు అని. అందుకే డాడీ వైపు చూసేదాన్ని." డాడీ పట్టుకునే తీరు వేలితో చూపించింది. "డాడీ ఐసే పకడ్తే థే. ఈ వేలు ఇక్కడ. దో ఉంగ్లీ యహా. నువ్వు తిప్పేటప్పుడు కళ్లు మూసుకునేవారు."

"కళ్లు మూసుకునీవాడా?"

"హా. ఎందుకు డాడీ అని అడిగాను ఒకసారి. మీ అమ్మ తిప్పుతుంటే పిడిలోకి తెలుస్తుంది, చూడక్కర్లేదు అన్నారు."

కాంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక గొట్టం కొస కూడా అదే కొంగుతో తుడిచింది. పక్కవాటుగా పెట్టింది. నొక్కింది. వరండా చూరు మీద వాన పెద్దదైంది.

"పట్టుకున్నావా?" అంది. ఈసారి బావా అనలేదు. ఏమనాలో తెలియక అక్కడితో ఆపింది.

"పట్టుకున్నాను మమ్మీ. తిప్పు."

తిప్పింది. టక్కుమంది. సన్న గొట్టం తోసి బిగించింది. తల్లీ కూతుళ్ల మధ్య తుపాకి పొడుగ్గా, నిండుగా ఉంది. నాశనం చేయాల్సినంత నేరం అందులో నాకేమీ కనబడలేదు. ముంశీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఔర్ ఏక్ బార్," అంది షీబా. విప్పారు. మళ్లీ బిగించారు. మూడోసారి షీబా కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువు, నీకంత పనితనం ఎక్కడేడిసింది," అంది కాంతమ్మ. షీబా కళ్లు తెరవకుండానే నవ్వింది. "పేల్చేటప్పుడు మాత్రం నేను దూరంగా నిలబడతాను. ఆ సౌండ్ అంటే నాకు భయం," అంది.

"నిన్నెవడు పేల్చమన్నాడు? ఈ ఏడు నీ వంతు కాదు."

"మరి పై ఏడు ఎవరిది?"

కాంతమ్మ ఆలోచించింది. "అది పై ఏడు సూద్దాం," అంది. కానీ ఆమె చెయ్యి కూతురి సుద్దపొడి వేళ్ల మీదే ఉండిపోయింది.

తుపాకి విప్పి మూటలు కట్టేటప్పుడు ముంశీ నాతో ఒక మాట అన్నాడు. పెద్దవాళ్ల లైసెన్సుల్లో మాలిక్ పేరు కింద ఇంకో పేరు రాయడానికి చోటుంటుందట. రిటైనర్ అంటారట, మాలిక్ తరఫున తుపాకి పట్టుకోగల మనిషన్నమాట. అక్కడ వాళ్ల డ్రైవర్ల పేర్లుంటాయి, చౌకీదార్ల పేర్లుంటాయి. నేనిక్కడికొచ్చాక ఇంటి ఆడమనిషి పేరు ఒక్కటీ చూడలేదు అన్నాడు. కొర్నేలి లైసెన్సులోనూ ఆ చోటు ఖాళీగానే ఉంది. చౌకీదారుకి తెలిసిన సంగతి కొర్నేలికి ఎవరూ చెప్పలేదు. సగం సగం పంచుకుంటే చాలు, ఇద్దరిదీ అయిపోతుందని నమ్మి బతికారు వాళ్లు.

ఇప్పుడు అయ్యలారా, నేను బతిమాలడానికి రాయలేదు. చెయ్యాల్సింది చెబుతున్నాను. కాంతమ్మ దరఖాస్తు మళ్లీ తెరవండి. నాశనం చేయమన్న ఉత్తర్వు ఇవాళే ఆపండి, వర్షాలు మీ ఫైలు కోసం ఆగవు. తల్లినీ కూతుర్నీ కలిపి పిలవండి, ఒకరిని లోపలికీ ఒకరిని బయటకీ చెయ్యకండి. వాళ్లు మీ కళ్ల ముందు బిగిస్తారు. బిగించాక లైసెన్సు మీద కాంతమ్మ పేరు రాయండి, ఆ ఖాళీ చోట షీబా పేరు రాయండి. విశ్వకర్మ పూజలోగా తుపాకి చేతికివ్వండి. మీ జిల్లాలో తుపాకి ఉన్న ప్రతి ఇంటికీ కబురు పంపండి, ఇంటి ఆడవాళ్ల పేర్లు కూడా రాయించుకోవచ్చని. చర్చి పెద్దలు ఆ రోజు ఆమె వెనక నిలబడాలి. మా సంఘంవాళ్లు కూడా రావాలి, రాకపోతే వాళ్ల సంగతి నేను వేరే మాట్లాడతాను.

సోమవారం పొద్దున్న ఆఫీసు తలుపులు తీసేసరికి మేం మెట్ల మీద ఉంటాం. తుపాకి తెప్పించండి.